సోమవారం బరువు

పగిలిపోయిన ఇనుము గురించి నివేదిక రాయడమంత సుఖమైన పని ఇంకోటి లేదు. ముక్క తెచ్చిస్తారు. కోస్తాను, నున్నగా రుద్దుతాను, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఎందుకు పగిలిందో నాలుగు పేజీలు రాసి సంతకం పెడతాను. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది కాబట్టి నా మాట తప్పయినా కొత్తగా పోయేదేమీ ఉండదు. ఎనిమిదేళ్ళు ఆ సుఖం అనుభవించాను. నఫీసా వచ్చి దాన్ని పాడుచేసింది.

నఫీసా, నేను హైదరాబాదులో ఒకే లోహ పరిశోధనాశాలలో పని చేస్తాం. పక్కపక్క గదులు, ఒకే టీ ఫ్లాస్కు. తను కనిపెట్టిన పరికరానికి 'ఆనవాలు' అని పేరు పెట్టుకుంది. చూస్తే దెబ్బకు అంటించే పట్టీలా ఉంటుంది. పగులు ఉన్నచోట ఇనుము మీద అంటిస్తే లోపల పరమాణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జారే సన్నటి కదలికలను పసిగట్టి తెర మీద రంగుల్లో గీస్తుంది. పగులు కొస దగ్గర లోహం సాగిపోయి, మళ్ళీ మునుపటి కొలతకు రాలేక అలాగే ఉండిపోయిన మేర ఎర్రగా కనిపిస్తుంది. ఇప్పటి సంగతి ఒక్కటే కాదు. పగులు నడిచొచ్చిన దారి పొడవునా ఏ రోజు ఎంత లాగుడు పడిందో ఆ గుర్తులన్నీ బయటపెడుతుంది. ఇలాంటిది ఇంతకుముందు లేదు. పగులు వయసు, నడక, ఇంకా మిగిలిన రోజులు, అన్నీ ఇనుము విరగకముందే తెలిసిపోతాయి.

పరీక్షకు పాత కట్టడాలు కావాలని తను అడిగితే మా ఊరి బొగ్గుబాయి పేరు నేనే చెప్పాను. రేగులగూడెం ఆరో నెంబరు బాయి. అక్కడ నేల మీద అరవై అడుగుల ఇనుప గోపురం ఉంటుంది, దాన్ని అందరూ గేరు అంటారు. గేరు నెత్తిన పెద్ద చక్రం, చక్రం మీదుగా ఉక్కు తాడు, తాడు చివర కేజు. మనుషులు ఆ కేజులో నిలబడి మూడువందల మీటర్లు కిందికి దిగుతారు. తాడు లాగే లాగుడుకు గేరు ముందుకు ఒరిగిపోకుండా వెనక నుంచి పట్టి ఉంచేది ఒక పొడవాటి ఇనుప బద్ద. ఆ బద్దకు రివెట్ల తలల కింద పగులుందని ఆనవాలు అంటించేదాకా ఎవరికీ తెలియదు.

తెర మీద బొమ్మ చూసి నఫీసా నన్ను పిలిచింది. పగులు మొదట్లో, ఒక వేలి వెడల్పు మేరలో, వెయ్యికి పైగా ఎర్ర గీతలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. రెండు గీతల మధ్య చిన్న గుర్తులు లెక్కపెడితే సరిగ్గా వారం. వారానికోసారి ఎవరో ఈ బద్దను మామూలు కంటే గట్టిగా లాగారని, లాగిన ప్రతిసారీ పగులు ఆగిపోయిందని, మళ్ళీ కదలడానికి దానికి వారమంతా పట్టిందని నఫీసా చెప్పింది. తర్వాత వేలు పెట్టి ఒక చోటు చూపించింది. అక్కడి నుంచి గీతలు లేవు. పగులు పరుగు అందుకుంది. ఇరవై రెండేళ్ళలో వేలి వెడల్పు మేర నడిచింది, ఆ తర్వాతి ఆరేళ్ళలో అరచేతిలో సగం దూరం వెళ్ళిపోయింది.

"ఇక్కడ ఏమైంది స్వరూపా?" అంది.

అక్కడ ఏమైందో నాకు తెలుసు. నేనే చేశాను.

మా బాపు ఓదెలు ఆ బాయిలో వైండింగ్ ఇంజను డ్రైవరు. కేజును పైకి లాగేది, కిందికి దించేది ఆయన చెయ్యి. సోమవారం మొదటి షిఫ్టు మనుషులు ఎక్కకముందు కేజులో టబ్బులు, అంటే బొగ్గు మోసే ఇనుప తొట్టి బండ్లు, రాళ్ళతో నింపి పెట్టించేవాడు. నాలుగు టబ్బులు మోసే కేజుకు ఎనిమిది. బాయి నోటి దగ్గరి గట్టు మీద నుంచి రెండు మూరలు పైకెత్తి, నూరు లెక్కపెట్టి, ఉయ్యాల్లో పసిదాన్ని పడుకోబెట్టినట్టు దించేవాడు. తర్వాతే మనుషులు. ఆయనకు పని నేర్పిన ఖాసిం ఉస్తాద్ అలాగే చేసేవాడట. కార్మికులు దాన్ని సోమారం బరువు అనేవాళ్ళు. ఆ రోజు డ్యూటీకి కాస్త ఆలస్యమైనా ఎవరూ విసుక్కునేవారు కాదు.

ఆరేళ్ళ కింద ఆ బాయి యాజమాన్యం కట్టడాల పరిశీలనకు మా సంస్థను పిలిచింది. డాక్టరేటు చేతికొచ్చి రెండేళ్ళు. మా ఊరు నేనే వెళ్తానని ముచ్చటపడ్డాను. లెక్క వేశాను. ప్రతి బరువూ ఇనుము ఆయుష్షులో కొంత తింటుంది, పెద్ద బరువు ఎక్కువ తింటుంది, కాబట్టి సోమారం బరువు బద్దకు చేటు. అందరి ముందూ బాపును ఇలా ఎందుకు చేస్తారని అడిగాను. నాన్నను అడిగినట్టు కూడా కాదు, సాక్షిని అడిగినట్టు. ఆయన నిలబడి నేల చూసి, గట్లనే చేస్తం అన్నాడు. నేను 'కారణం లేని ఆచారం, వెంటనే ఆపాలి' అని రాశాను. ఆపేశారు. ఆచారంతో పాటు ఆయననూ ఇంజను మీద నుంచి తీసేసి, రిటైరయ్యేదాకా రెండేళ్ళు దీపాలు పంచే గదిలో కూర్చోబెట్టారు. ఇంజనుకు దానంతటదే నడిచే యంత్రం బిగించారు.

పుస్తకంలో ఇంకో అధ్యాయం ఉంది. నేను చదివాను కూడా. గట్టిగా ఒకసారి లాగితే పగులు కొస దగ్గర కాస్త మేర లోహం సాగి పెద్దదవుతుంది. బరువు తీసెయ్యగానే చుట్టూ ఉన్న సాగని లోహం తన పాత కొలతకు వచ్చేసి, సాగినదాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది. ఆ నొక్కుడుకు పగులు పెదవులు మూసుకుంటాయి. తర్వాత పడే మామూలు బరువులకు అవి తొందరగా తెరుచుకోవు. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. మరి ఆ రోజు ఎందుకు గుర్తు రాలేదంటే, ఏడో తరగతి చదివిన ఒక డ్రైవరు చేసే పనికీ నా పుస్తకానికీ సంబంధం ఉండొచ్చని నాకు తోచలేదు. అంతే. ఇంతకంటే గౌరవంగా చెప్పడానికి మార్గం లేదు.

ఒక మాట. పెద్ద దెబ్బ తగిలితే చిన్న దెబ్బలు ఏమీ చెయ్యవు అని దీన్ని జీవితానికి అన్వయించి పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వు బొమ్మతో నాకు పంపకండి, దండం పెడతాను. ఇది ఇనుము సంగతి. అదీ కొలత తప్పకపోతేనే. కొలత దాటితే ఇనుము విరుగుతుంది.

ఆనవాలు ఇచ్చిన లెక్క ప్రకారం బద్దకు ముప్పై ఎనిమిది రోజులు మిగిలాయి. మర్నాడే నఫీసా, నేను రేగులగూడెం వెళ్ళాం. మేనేజరు రామబ్రహ్మం గారు తెనాలి వైపు మనిషి, ఎవరు ఏం చెప్పినా అడ్డు రాకుండా వింటారు. అప్పటికే బొగ్గు తవ్వడం ఆపేసి, షిఫ్టుకు పన్నెండు మంది పంపు కార్మికుల్ని మాత్రం దించుతున్నారు. వాళ్ళనూ ఆపేస్తే పన్నెండు గంటల్లో అడుగునున్న పంపులు మునుగుతాయి. పంపులు మునిగితే బాయి నీళ్ళపాలే, ఆరువందల నలభై మంది పని పోయినట్టే. కొత్త బద్ద తయారై రావడానికి డెబ్బై అయిదు రోజులు పడుతుందని కర్మాగారం వాళ్ళు చెప్పారు. పాత ఇనుము కాబట్టి అతుకు వేడికి పెళుసెక్కుతుంది. పక్కన ఇంకో బద్ద బిగించడానికి రివెట్ల వరుస చోటివ్వదు. అన్నీ ఆలోచించే ఉన్నారు.

సోమారం బరువు మళ్ళీ పెడదామన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరే కదండీ ఆపించింది," అన్నారు. ఎత్తిపొడుపు లేదు, కాగితంలో ఉన్నది చదివినట్టే అన్నారు.

ఎంత బరువు పెట్టాలన్నదే ప్రశ్న. మూతపడిన పక్క బాయి గేరు అదే ఏట అదే ఇనుముతో కట్టింది. దాని బద్ద నుంచి ముక్కలు కోయించుకుని హైదరాబాదు తెచ్చాం. వాటికి అంతే పొడవు పగులు పెంచి, లాగే యంత్రంలో బిగించి చూశాం. రెండు రెట్ల బరువుకు మొదటి ముక్క విరిగింది. గది అద్దాలు అదిరాయి. రెండోదీ విరిగింది. మూడోది నిలబడింది గానీ దాన్ని చూస్తే ఎవరికీ ధైర్యం రాలేదు. ఇరవై రెండేళ్ళ పాటు మేలు చేసిన బరువే, పగులు ఇంత పొడుగైన తర్వాత ప్రాణం తీసేదిగా మారింది. ఒకటిన్నర రెట్లకు పెట్టిన ముక్కలు నాలుగూ నిలబడ్డాయి, పగులు ఆగింది. నఫీసా ఆ నాలుగు ముక్కలకూ పేర్లు పెట్టింది. సంతోషం పట్టలేనప్పుడు తనకు అదో అలవాటు.

శుక్రవారం పొద్దున పంపువాళ్ళందరినీ పైకి రప్పించి, గట్టు చుట్టూ తాడు కట్టి, ఆరు టబ్బుల రాళ్ళు పెట్టించాం. యంత్రం కేజును ఎత్తింది. తెర మీద పగులు కొస చుట్టూ ఎర్రటి మేర విచ్చుకుని, మేం లెక్కగట్టిన చోటికి వచ్చి ఆగింది. నఫీసా నా భుజం నొక్కింది. ఇక దించడమే. కేజు గట్టు దూలాలకు జానెడు పైన ఉండగా యంత్రం బ్రేకు ఒక్కసారిగా పట్టేసి వదిలింది. కేజు ధబ్బున కూర్చుని ఎగిరింది, తాడు వదులైంది, లాగుడులో ఉన్న బద్ద వెనక్కి తన్నుకుంది. మా కళ్ళ ముందే ఎరుపు వెలిసిపోయింది. సాగిన లోహాన్ని ఎదురు దెబ్బ మళ్ళీ కుదించేసింది. పట్టు వదిలిపోయింది. గంట తిరక్కుండా పగులు తన పాత నడక నడుస్తోంది.

ఆ బ్రేకు వేగంగా ఆపడానికి చేసింది, మెత్తగా దించడానికి కాదు. దాన్ని మార్చడం కుదరదు. ఇంజను గదిలో పాత చేతి లీవరు ఇంకా ఉంది, గుడ్డ కప్పి ఉంచారు. ఇప్పటి డ్రైవర్లకు బొత్తాలు తప్ప లీవరు పట్టడం రాదు. రామబ్రహ్మం గారు నా వైపు చూడకుండానే, మీ నాన్నగారు ఊళ్ళోనే ఉన్నారు కదా అన్నారు.

బాపు నాతో ఏనాడూ మాట మానలేదు. అదే నా బాధ. తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో అని ఉండేదాన్ని, తేలిపోయేది. ఫోన్లో వానల గురించి, అవ్వ అని నేను పిలిచే మా అమ్మ మోకాళ్ళ గురించి మాట్లాడతాడు. ఇంజను మాట మాత్రం ఎత్తడు. కాలనీలో కుట్టుమిషన్లు బాగుచేస్తూ కాలం వెళ్ళదీస్తున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళేసరికి ముందు గదిలో చాప మీద మిషను విప్పుకుని కూర్చున్నాడు. అవ్వ చెంబుతో నీళ్ళిచ్చి, నా మొహం చూసి, పని మీద వచ్చినట్టున్నదే అని లోపలికి పోయింది. నేను ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

"బాపూ, నేను తప్పు రాసిన," అన్నాను. "సోమారం బరువు గేరును చెడగొట్టలె. అదే కాపాడింది. నేను ఆపించినంక పగులు పెరిగింది."

ఆయన చేతిలో చిన్న మర ఉంది. దాన్ని చాప మీద పడకుండా డబ్బా మూతలో పెట్టాడు. అప్పుడు మొత్తం చెప్పాను. తెర మీద బొమ్మ చూపించాను, వెయ్యి గీతల్నీ, అవి ఆగిన చోటునూ చూపించాను. ఆయన ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఇవన్నీ నేను పెట్టినయేనా అని ఒక్కసారి అడిగాడు. అవునన్నాను. ఆయన కళ్ళు తడిశాయి. నేను ఏడ్చేశాను. లోపల అవ్వ గిన్నెల చప్పుడు ఆగింది.

అంతా అయ్యాక, లీవరు పడతానన్నాడు. ఎనిమిది టబ్బులు పెట్టించమన్నాడు. కాదు, ఆరే అన్నాను. ఆరుకు పగులు మాట వినదని ఆయన వాదన. పుస్తకం మాట విని ఒకసారి చెడ్డామని ఆయన అనలేదు గానీ ఆ మాట గదిలో ఉంది. సంచిలోంచి విరిగిన ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో విరుగు తడిమి చూశాడు.

"ఇది ఎంతకు ఇరిగింది?"

"రెండింతలకు."

చాలాసేపు తడుముతూనే ఉన్నాడు. "అంటే నన్ను నడపనిచ్చినా, ఒకనాడు నా చేతిలనే ఇరిగేది."

అబద్ధం చెప్పలేకపోయాను. ఒకనాడు విరిగేదే, కాకపోతే ఇంకా చాలా ఏళ్ళకు, అన్నాను. ఆయన తల ఊపి, ఆరే పెట్టించమని, రేపు సోమవారమే కాబట్టి రేపే చేద్దామని అన్నాడు. ఇంకో రోజైతే ఒప్పుకునేవాడు కాదేమో, నేనూ అడగలేదు.

సోమవారం పది గంటలకు ఇంజను గదిలో ఆయన, నేను, తలుపు దగ్గర రామబ్రహ్మం గారు. నఫీసా గేరు కింద, తాడు కట్టిన హద్దుకు బయట. బాయి ఖాళీ చేయించారు. ఆయన పొద్దున్నే వచ్చి లీవరు జాయింట్లకు నూనె పోసి, ఖాళీ కేజును ఇరవైసార్లు ఎత్తి దించి చెయ్యి సరిచూసుకున్నాడు. మొదటి మూడుసార్లూ కేజు గట్టు దూలాలకు తగిలింది. నాలుగోసారి నుంచి చప్పుడు లేదు.

నా ఒళ్ళో తెర. దాని మీద నీలం గీత గీసి పెట్టుకున్నాను. ఎరుపు ఆ గీతను ముట్టుకుంటే బద్ద తట్టుకోదు. గట్టు మీది నుంచి గంట మోగింది. ఆయన చెయ్యి కదలడం నాకు కనిపించలేదు, కిటికీలోంచి చూస్తే కేజు రెండు మూరలు పైన ఉంది.

ఆయన బయటికే లెక్కపెట్టాడు. నలభై దాకా అంతా లెక్క ప్రకారమే ఉంది. యాభై దాటాక ఎరుపు మేం అనుకున్నదానికంటే ముందుకు పాకడం మొదలైంది. శుక్రవారం తిన్న ఎదురు దెబ్బకు ఆ మేర అప్పటికే నలిగి ఉందని నాకు అప్పుడు తట్టింది. ముందే లెక్కలోకి తీసుకోవాల్సింది. అరవై. డెబ్బై. నీలం గీతకూ ఎరుపుకూ మధ్య వెంట్రుకంత తేడా ఉంది. జీవితమంతా నూరు లెక్కపెట్టిన మనిషి. నూరు కాకుండా ఆపిన సోమవారం ఒక్కటి లేదు.

"బాపూ, చాలు," అన్నాను.

డెబ్బై ఎనిమిది దగ్గర ఆపేశాడు. ఎందుకని అడగలేదు, నా వైపు చూడలేదు. దించడం మొదలుపెట్టాడు. రెండు మూరలు దించడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. టబ్బులు కదలలేదు, తాడు వదులవలేదు. కేజు కూర్చుందని గట్టు మీదివాళ్ళు చెయ్యి ఊపాకే తెలిసింది. తెర మీద ఎరుపు ఉన్నచోటే ఉంది.

అక్కడితో అయిపోలేదు. రాళ్ళు దింపి, ఖాళీ కేజును మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలతో కిందికీ పైకీ తిప్పమన్నాం. పదిసార్లు తిప్పేసరికి పగులు ముందుకు జరిగింది. అంతకుముందు కంటే కొంచెం వేగంగానే జరిగింది. రామబ్రహ్మం గారి మొహం వాడిపోయింది. గట్టు మీద నిలబడ్డ పంపువాళ్ళు ఒకరొకరు కూలబడ్డారు. నేను వాళ్ళకు చెప్పాను, పగులు మొదట ఆ నొక్కుడు ఉన్న చోట్లోకి నడిచి వెళ్ళాలి, వెళ్ళాకే ఇరుక్కుంటుంది, ఓపిక పట్టండి అని. చెప్పడం చెప్పాను గానీ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. అప్పటికి అయిదు గంటలుగా పంపుల దగ్గర మనిషి లేడు, నీళ్ళు ఎంత పెరిగాయో తెలియదు.

అవ్వ కాలనీ నుంచి నడుచుకుంటూ వచ్చి జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు పెట్టింది. బాపు లీవరు దగ్గరే ఉండిపోయాడు, మిగతా అందరం ఆ ఇంజను గది మెట్ల మీదే తిన్నాం. తినేటప్పుడు ఎవరూ తెర చూడకూడదని ఆవిడ హుకుం. చేతులు కడుక్కుని చూస్తే పగులు ముప్పై తిరుగుళ్ళుగా కదల్లేదు. యాభైకీ కదల్లేదు. మూడున్నరకు నూటయాభై అయ్యాయి. ఉన్నచోటే ఉంది. నఫీసా తెరను తలకిందులు చేసి కూడా చూసింది, అలా చూస్తే ఏదో మారుతుందన్నట్టు. తర్వాత నన్ను పట్టుకుని గట్టిగా ఏడ్చింది.

ఇక పంపువాళ్ళు దిగాలి. పన్నెండు మందీ లేచారు గానీ కేజు దగ్గరికి ఎవరూ రాలేదు. వాళ్ళల్లో పెద్దాయన మొగిలి నన్ను చూసి, "మీరు దిగుతరా మేడం?" అని అడిగాడు. కోపంతో కాదు, తెలుసుకుందామనే. న్యాయమైన ప్రశ్న. ఆరేళ్ళ కింద నా కాగితం నమ్మి వాళ్ళు రోజూ దిగారు, నేను హైదరాబాదు బస్సెక్కి వెళ్ళిపోయాను. దిగుతానన్నాను. బాయి కార్మికుల ఊళ్ళో పుట్టి ఒక్కనాడూ బాయిలోకి దిగలేదు. టోపీ పెట్టి దీపం బిగించారు. కేజులో మొగిలి పక్కన నిలబడ్డాను. కడ్డీ ఎక్కడ పట్టుకోవాలో ఆయన చూపించాడు.

వెలుతురు పైకి వెళ్ళిపోయింది. చెవులు మూసుకుపోయాయి. గోడల మీద నీళ్ళు మెరుస్తూ కిందికి జారుతున్నాయి, మేమూ వాటితో పాటే. నాకు భయం వేసింది, నిజంగా వేసింది. అదే సమయంలో మూడువందల మీటర్ల పైన ఆ లీవరు మీద ఎవరి చెయ్యి ఉందో గుర్తొచ్చింది. నా చిన్నతనమంతా ఈ మనుషులు ఆ చేతిని నమ్మి దిగారు. నేను మాత్రం దాన్ని ఇవ్వాళే నమ్మాను. అడుగున మోకాళ్ళ లోతు నీళ్ళున్నాయి. పంపులకు ఇంకా జానెడు దూరం ఉంది. మొగిలి వాళ్ళు పరుగున వెళ్ళారు.

ఆ తర్వాత కొత్త బద్ద వచ్చేదాకా కేజు ప్రతి తిరుగుడూ చేతి లీవరు మీదే నడిచింది. బాపు పగటి షిఫ్టు చూసుకుంటూ ఇద్దరు డ్రైవర్లకు పని నేర్పాడు. ప్రతి సోమవారం బరువు పెట్టారు. ఎన్ని టబ్బులో, ఎంతసేపో ముందురోజు నేను లెక్కగట్టి పంపేదాన్ని, నూరు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ మొదటి సోమవారం నుంచి ఎనభై ఒకటో రోజున కొత్త బద్ద బిగించారు. విప్పిన పాత బద్ద మీద కొలిచి చూస్తే, ఆ ఎనభై ఒక్క రోజుల్లో పగులు నడిచింది రెండు మిల్లీమీటర్లు.

ఆ సాయంత్రం గట్టు మీద ఒక టబ్బు పక్కన బాపు, నేను కూర్చున్నాం. పెద్ద షిఫ్టు దిగుతోంది. కొత్త డ్రైవరు లీవరు మీద ఉన్నాడు. ఆరేళ్ళుగా అడగాల్సింది అప్పుడు అడిగాను. ఆ రోజు అందరి ముందూ ఎందుకు చేస్తారని అడిగితే గట్లనే చేస్తం అన్నావు, నిజంగా నీకు ఏమీ తెలియదా అని.

ఆయన కేజు కనుమరుగయ్యేదాకా చూశాడు.

"తెలుసు బిడ్డా. శనారానికి గేరు సప్పుడు మారేది. కొంచెం బొంగురు పోయినట్టు. సోమారం బరువు పెట్టినంక మళ్ళ సాపుగ అయ్యేది. ఉస్తాదుకూ ఇనవడేది, నాకూ ఇనవడేది." టబ్బు అంచు మీది మసి వేలితో తుడిచాడు. "ఆ మాట చెప్తె గంతమందిల నువ్వు నవ్వుతవనుకున్న. నా బిడ్డ నన్ను చూసి నవ్వుతదని చెప్పలె."

అవును, నవ్వేదాన్నే. ఆ రోజు నేను నవ్వేదాన్ని. అదే ఆయనకు చెప్పాను, క్షమించమని కూడా అడిగాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు.

కాసేపటికి బొంగురు అంటే ఎట్లుంటదో చెప్పమన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు, నిజంగానే అడుగుతున్నానా అని. గొంతు సవరించుకుని, సిగ్గుపడుతూ, నోటితో ఆ చప్పుడు చేసి వినిపించాడు. మళ్ళీ ఒకసారి అనమన్నాను.